ముద్ర పడని వేలు: వృద్ధాప్యం, యంత్రం, సాహిత్యం

వృద్ధాప్యం మన సాహిత్యానికి కొత్త వస్తువేమీ కాదు. ముసలితల్లి వసారాలో మంచమ్మీద వుంటుంది. కొడుకు పట్నంలోనో పరాయి దేశంలోనో వుంటాడు. కోడలు విసుక్కుంటుంది. చివర ఒక ఉత్తరమో, చావు కబురో వస్తుంది. ఈ చట్రంలో లెక్కలేనన్ని కథలు వచ్చాయి. వాటిలో మంచివీ వున్నాయి. కాని గత ముప్పయ్యేళ్ళలో ఆ మంచం చుట్టూ చేరిన వస్తువుల వైపు మన కథకుని చూపు సరిగా పోలేదు. పింఛనిచ్చే వేలిముద్ర మిషను, చేతిఫోను, చెవి మిషను, మూడుకాళ్ళ కర్ర, బి.పి. చూసే పట్టీ, కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్ళు – ఇవన్నీ ఇవాళ పల్లెటూరి వృద్ధాప్యంలో భాగాలు. ఇవి వుండటమూ, వుండీ పనిచెయ్యకపోవడమూ ముసలివాళ్ళ రోజును నిర్ణయిస్తున్నాయి.

వృద్ధుల సంరక్షణలో సాంకేతిక విజ్ఞానం ఏం చేస్తున్నది? అది వారిని నిజంగా తమ కాళ్ళ మీద నిలబెడుతున్నదా? రచయిత అందులో చూడవలసిందేమిటి? ఈ మూడు ప్రశ్నలను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవం ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం వుద్దేశం. 2016లోనూ, 2019లోనూ ఈ జిల్లాలు అనేకంగా విడిపోయాయి. ఇక్కడ పాత హద్దులనే దృష్టిలో పెట్టుకున్నాను.

స్వతంత్రం అంటే

ముందు ఒక మాటను తేల్చుకోవాలి. వృద్ధులు 'స్వతంత్రంగా బతకడం' అన్నమాట ఎక్కువగా ధనిక దేశాల నుంచి వినబడుతున్నది. అక్కడ దాని అర్థం చాలావరకు తన ఇంట్లో తానొక్కడే వుండగలగడం. ఆ అవసరానికి తగిన యంత్రాలే అక్కడ పుట్టాయి. 2001లో జపాన్‌లో జోజిరుషి కంపెనీ ఒక కరెంటు కెటిల్‌ను అమ్మకానికి పెట్టింది. ఒంటరిగా వుండే వృద్ధులు టీ నీళ్ళకోసం దాన్ని ఎప్పుడెప్పుడు వాడారో ఆ వివరం దూరాన వున్న పిల్లలకు సందేశంగా చేరుతుంది. ఆ రోజు కెటిల్ కదలలేదంటే ఏదో జరిగిందని పిల్లలు గ్రహించాలి.

మన వూళ్ళో ఈ పని పొరుగింటామె చేస్తుంది. పొద్దెక్కినా తలుపు తియ్యకపోతే వాకిట్లో నిలబడి కేకేస్తుంది. పొయ్యి మీద పొగ కనపడకపోతే వచ్చి చూస్తుంది. ఆమెకు జీతం లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అయితే ఆ పొరుగింటామె కూడా మూటాముల్లె సర్దుకొని బొంబాయికో పుణెకో కూలికి పోతే? పాలమూరులో ఇది వూహ కాదు. ఆనకట్టలూ కాలవలూ కట్టడానికి మేస్త్రీల వెంట దేశమంతా తిరిగిన కూలీల జిల్లా అది. వయసువాళ్ళు వెళ్ళిపోయాక ముసలివాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు మాత్రమే మిగిలిన ఇళ్ళు అక్కడ తరతరాలుగా వున్నాయి. ఒంటరి వృద్ధాప్యం ధనిక దేశాల సమస్య అనుకోవడం పొరపాటు. అక్కడ అది పెన్షను మీద బతికే ఒంటరితనం, ఇక్కడ అది మనవల్ని సాకుతూ బతికే ఒంటరితనం.

కాబట్టి మన పరిస్థితుల్లో స్వతంత్రానికి అర్థం వేరేగా చెప్పుకోవాలి. ఎవరి సాయమూ లేకుండా బతకడం స్వతంత్రం కాదు. అలా ఏ వయసులోనూ ఎవరూ బతకరు. తనకు రావలసినదాన్ని ఒకరి దయగా కాక హక్కుగా పొందగలగడం, ఎవరి సాయం ఎప్పుడు ఎంత తీసుకోవాలో తానే చెప్పగలగడం – ఇదీ స్వతంత్రం. ఏ యంత్రాన్నయినా ఈ గీటురాయి మీదే పరీక్షించాలి.

నీళ్ళు

వృద్ధుల సాంకేతికత అనగానే మనకు కొత్త పరికరాలు గుర్తుకొస్తాయి. నల్లగొండలో మాత్రం కథ నీళ్ళతో మొదలవుతుంది. అక్కడ ముసలితనం వయసుతో రాలేదు, బోరునీళ్ళతో వచ్చింది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి, ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే ముందు పళ్ళు పాచిపట్టినట్టు గారపడతాయి. తరవాత ఎముకలమీద అదనపు ఎముక పెరుగుతుంది. కీళ్ళను పట్టివుంచే నరాల్లాంటి కట్లు సున్నం పేరుకొని గట్టిపడతాయి. వెన్ను వంగి బిగుసుకుపోతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో నలభై ఏళ్ళకే నడుం వంగినవాళ్ళు కనిపించడానికి కారణమిదే. మరోచోట ఎనభైలో వచ్చే పరాధీనత ఇక్కడ నలభైలో వచ్చింది.

ఈ జిల్లా పేరుమీద ఒక సాంకేతిక పద్ధతే వుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ 1970లలో రూపొందించిన 'నల్లగొండ పద్ధతి' అది. నీళ్ళలో తగిన పాళ్ళలో సున్నం, బ్లీచింగు పౌడరు, పటిక కలిపి బాగా తిప్పుతారు. పటిక వల్ల ఏర్పడే తరకలు ఫ్లోరైడును పట్టుకొని అడుక్కు చేరతాయి. పైన తేరిన నీళ్ళు వంచుకొని తాగాలి. దీనికి కరెంటు అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు, బకెట్టు చాలు. తూర్పు ఆఫ్రికా దేశాల దాకా ఈ పద్ధతి నల్లగొండ పేరుతోనే పోయింది.

ఇంత సులువైన పద్ధతి ఇంటింటా ఎందుకు నిలవలేదు? పుస్తకంలో 'నీటిని కలియబెట్టవలెను' అని వుంటుంది. ఎవరు కలియబెట్టాలో వుండదు. రోజూ పాళ్ళు చూసి పటిక వెయ్యాలి, తిప్పాలి, తేరేదాకా ఆగాలి, అడుగున చేరిన విషపు మడ్డిని దూరంగా పారబొయ్యాలి. నీళ్ళలో ఫ్లోరైడు మారితే పాళ్ళూ మార్చాలి. పొద్దున్నే కూలికి పోయే ఇంటి ఆడమనిషి మీద పడ్డ మరొక చాకిరీ ఇది. కీళ్ళు బిగుసుకుపోయిన ముసలివాళ్ళు ఆ పని తామే చేసుకోలేరు. అంటే ఏ మనిషికి ఈ విజ్ఞానం అవసరమో ఆ మనిషి చేతికి అది లొంగదు.

చివరికి పరిష్కారం దూరం నుంచి తెచ్చిన కృష్ణా నీళ్ళతోనే వచ్చింది. అదీ వూరికే రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేసి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా అచ్చువేయించవలసిన స్థితి కల్పించి, తమ నీటిగోసను దేశం ముందు పెట్టారు. 2015లో ఈ జిల్లాలోని చౌటుప్పల్‌లోనే వాటర్ గ్రిడ్ పైలాన్‌ను ఆవిష్కరించారు. తరవాత మిషన్ భగీరథ గొట్టాలు పల్లెలకు వచ్చాయి. బకెట్టు పద్ధతి భారాన్ని ఇంటిమీద పెడితే గొట్టం దాన్ని ప్రభుత్వంమీద పెట్టింది. నీళ్ళు రాకపోతే అడగడానికి ఒక గుమ్మం వుంది. రెండింటికీ వున్న ముఖ్యమైన తేడా ఇదే.

అయితే కొత్త నీళ్ళు పాత ఎముకల్ని మెత్తబరచవు. అప్పటికే వంగిన నడుములు అలాగే వున్నాయి. వాళ్ళకు ఇవాళ కావలసింది గోడకు పట్టుకొమ్మ, ఎత్తయిన పీట, కూర్చొని వాడే మరుగుదొడ్డి. వూరూరా కట్టిన మరుగుదొడ్లలో చాలావరకు గొంతుక్కూర్చునేవే. మోకాలు మడవలేని మనిషికి అవి వున్నా లేనట్టే. ఒక ఇనపకడ్డీ, ఒక కుర్చీ వెచ్చించి తీర్చగల ఇబ్బంది ఇది. కాని ఇలాంటి చిన్న పనికి ప్రారంభోత్సవం వుండదు, అందుకే అది ఎవరికీ పట్టదు.

వేలు

ఇక డబ్బు సంగతి. జాతీయ వృద్ధాప్య పింఛను 1995 ఆగస్టు 15న మొదలైంది. అప్పుడు కేంద్రం వాటా నెలకు 75 రూపాయలు. తెలంగాణ ఏర్పడ్డాక 'ఆసరా' పింఛన్లను 2014 నవంబరు 8న ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ప్రారంభించారు. అంతదాకా 200 రూపాయలున్న వృద్ధాప్య పింఛను వెయ్యి అయింది. 2019లో 2,016 అయింది. ఈ మొత్తం ఒక ముసలమ్మకు ఇంట్లో మాట తెచ్చిపెట్టింది. మనవడికి బిస్కట్ పొట్లం కొనివ్వడం, ఒకరి నడగకుండా మందుబిళ్ళ తెచ్చుకోవడం సామాన్యమైన విషయాలు కావు. వృద్ధుల స్వతంత్రానికి తోడ్పడిన పరికరాల్లో మొదట చెప్పవలసింది డబ్బునే.

ఆ డబ్బుకు తాళం వేలిముద్ర. దీని చరిత్ర రచయితలు తెలుసుకోదగ్గది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి ఒక గుత్తేదారు మాట తప్పకుండా ఒప్పందకాగితం మీద అతని చేతి ముద్ర వేయించుకున్నాడు. 1877లో హుగ్లీలో అదే అధికారి పింఛనుదారుల వేలిముద్రలు తీసుకోవడం మొదలుపెట్టాడు. చనిపోయినవాళ్ళ పేరుతో మరొకరు డబ్బు తీసుకుంటారేమోనన్నది అతని అనుమానం. అంటే పింఛనూ వేలిముద్రా కలిసింది నిన్న మొన్న కాదు. వాటిని కలిపింది అనుమానం.

తెలంగాణ పల్లెకు వేలిముద్ర మరో రకంగా కూడా తెలుసు. చదువురానివాడు 'నిశాని' పెట్టిన కాగితంలో ఏం రాసివుందో షావుకారుకే తెలిసేది. భూములు పోయింది బొటనవేలితోనే. ఆ తరం చివరి మనుషులే ఇవాళ పింఛను వరసలో నిలబడుతున్నారు.

యంత్రం ముద్రను ఎలా గుర్తిస్తుంది? వేలికొనమీది గట్లు ఎక్కడ చీలుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో ఆ గుర్తుల్ని లెక్కపెట్టి, ముందు దాచుకున్న నమూనాతో పోల్చి చూస్తుంది. వయసు పెరిగేకొద్దీ చర్మం పలచబడుతుంది, బిగువు పోతుంది, చెమట తగ్గి వేలు పొడిబారుతుంది. గట్లు చదునవుతాయి. దీనికి తోడు నాట్లు, కలుపు, రాళ్ళు కొట్టడం, సున్నం, సిమెంటు, గిన్నెలు తోమే బూడిద – ఇవి గట్లను అరగదీస్తాయి. అందువల్ల యంత్రానికి తేలిగ్గా దొరికే వేలు శ్రమ తక్కువ చేసిన వేలు. ఎక్కువ కష్టపడ్డ వేలిని యంత్రం గుర్తించదు. ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు, చర్మ లక్షణం. కాని ఆ లక్షణాన్ని లెక్కలోకి తీసుకోకుండా నియమం రాస్తే అది శ్రమజీవికి శిక్ష అవుతుంది. 'ఏలు పడ్తలేదు' అన్న చిన్న మాటలో ఈ మొత్తం వుంది.

ఇంతమాత్రాన యంత్రాన్ని తిట్టిపోస్తే సరిపోతుందా? సరిపోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వుపాధి కూలికీ, పింఛన్లకూ వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డులు వచ్చాయి. నల్లగొండతో సహా ఎనిమిది జిల్లాల్లో 157 మండలాల మీద కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే అర్థశాస్త్రవేత్తలు పెద్ద పరిశీలన జరిపి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఉపాధి కూలి త్వరగా చేతికందింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది. అయితే అక్కడ మిషను పట్టుకొని వూళ్ళోకి వచ్చినది చాలావరకు ఆ వూరి మహిళాసంఘంలోని స్త్రీయే. ముద్ర పడకపోయినా డబ్బివ్వడానికి దారి వుంచారు. తరవాత ఇదే పరిశోధకులు జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఆధార్ తనిఖీని పరిశీలించారు. అక్కడ నియమాన్ని బిగించినప్పుడు అర్హులైనవాళ్ళు కొందరు గింజలు పోగొట్టుకున్నారు. రెండుచోట్లా పనిచేసింది వేలిముద్రే. ఫలితాన్ని మార్చింది నియమం, ఆ నియమాన్ని నడిపిన మనిషి.

తెలంగాణ పల్లెల్లో ముద్ర పడనివారికి పంచాయతీ కార్యదర్శి తన ముద్రతో ఇప్పించే వెసులుబాటు పెట్టారు. దానివల్ల డబ్బు వచ్చింది, కాని హక్కు మళ్ళీ మరొకరి వేలికిందికి పోయింది. 2025లో పింఛన్ల పంపిణీలోకి ముఖం గుర్తించే పద్ధతి వచ్చింది. వేలు అరిగినవారికి ఇది మేలు చెయ్యగలదు. ముఖమూ మారుతుంది గనక, వెలుతురూ సిగ్నలూ కావాలి గనక, దీనికీ పక్కదారి వుండాలి. యంత్రం 'కాదు' అన్నప్పుడు 'అవును, ఈమె ఈమే' అని చెప్పగల మనిషి, అలా చెప్పే అధికారం, ఆ అధికారాన్ని ప్రశ్నించే వీలు – ఈ మూడూ లేని పద్ధతి ఏదయినా ఒకటే.

మరో విశేషం. ఆసరా ప్రారంభమైన రెండు రోజులకే, 2014 నవంబరు 10న, కేంద్రం విశ్రాంత వుద్యోగులకు 'జీవన్ ప్రమాణ్' ప్రారంభించింది. బతికి వున్నామన్న సర్టిఫికెట్టును ఆఫీసుకు పోకుండా ఇవ్వగలగడం దాని వుద్దేశం. 2021 నుంచి ఇంట్లో కూర్చొని ఫోనుకు ముఖం చూపించినా చాలు. మంచిదే. కాని విశ్రాంత వుద్యోగి ఏడాదికొకసారి బతికివున్నానని రుజువు చేసుకుంటాడు. కూలి చేసి ముసలిదైన ఆమె డబ్బు తీసుకునే ప్రతిసారీ చేసుకోవాలి. విజ్ఞానం ఒకటే, అనుమానంలోనే తరతమ భేదాలున్నాయి.

ఫోను

వలసవెళ్ళిన కొడుక్కీ ఇంట్లోని తల్లికీ మధ్య పూర్వం మేస్త్రీ తెచ్చే కబురే దారి. ఇప్పుడు ఫోను వుంది. గొంతు వినబడటం, ముఖం కనబడటం తక్కువ మేలు కాదు. అయితే ఫోను రెండు రకాలు. మీటలున్న చిన్న ఫోనును ముసలమ్మ తానే వాడుకుంటుంది. ఏ మీట నొక్కితే ఎవరు పలుకుతారో ఆమెకు వేళ్ళు చెబుతాయి. తాకుడు ఫోను అలా కాదు. మీట కనబడదు, పొడిబారిన వేలికి తెర సరిగా పలకదు, అక్షరం చిన్నది, రహస్య అంకె చదివేలోపు గడువు తీరిపోతుంది. కాబట్టి తాకుడు ఫోను వాడేది మనవడు. మనవడు బడికి పోతే ఫోనూ లేదు, ఫోనులో వున్న డబ్బూ లేదు. ఖాతా ఆమె పేరున వుంటుంది, తాళం మరొకరి చేతిలో వుంటుంది. వృద్ధుల ఆస్తి పిల్లల చేతిలో పడే పాత కథకు ఇది కొత్త రూపం.

హైదరాబాద్‌లో చిన్నగా మొదలై 2021లో దేశమంతటా వచ్చిన 14567 అనే వృద్ధుల సహాయ నంబరుకు చిన్న ఫోను చాలు. మాట్లాడితే అవతల మనిషి పలుకుతాడు. ఉప కేంద్రాల్లో 'ఈ-సంజీవని' ద్వారా దూరాన వున్న డాక్టరు తెరమీద కనిపిస్తాడు. అక్కడ కూడా బి.పి. చూసి, లక్షణాలు విని, ముసలాయన పాలమూరు మాటను డాక్టరుకు అర్థమయ్యేట్టు చెప్పేది నర్సమ్మే. తెర వెనక ఒక స్త్రీ శ్రమ ఎప్పుడూ వుంటుంది. లెక్కల్లో దానికి చోటు తక్కువ.

కర్ర, చెవి, కన్ను

2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ పథకం పేద వృద్ధులకు చేతికర్రలు, నడక చట్రాలు, చక్రాల కుర్చీలు, చెవి మిషన్లు, కళ్ళద్దాలు, కట్టుడుపళ్ళు వుచితంగా ఇవ్వడానికి వుద్దేశించింది. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన 'కంటి వెలుగు' వూళ్ళోకే వచ్చి కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చింది. వీటిలో అద్దాలు చెప్పుకోదగ్గ పరికరం. పెట్టుకున్న క్షణాన పనిచేస్తాయి, ఎవర్నీ అడగనక్కరలేదు, బియ్యంలో రాళ్ళు తానే ఏరుకోవచ్చు.

చెవి మిషను అంత తేలిక కాదు. వయసుతో ముందు పోయేది సన్నని ధ్వనులు. మాట వినబడుతుంది, ఏ మాటో తెలియదు. మిషను ధ్వనిని పెంచుతుంది, దానితోపాటు రొదనూ పెంచుతుంది. అందుకే మనిషికి తగ్గట్టు దాన్ని సవరించాలి, అలవాటయ్యేదాకా ఒకరు వెంట వుండాలి. బొత్తాంలాంటి చిన్న బ్యాటరీ ఒకటి రెండు వారాలకే అయిపోతుంది. శిబిరంలో ఇచ్చి వెళ్ళిపోతే, బ్యాటరీ వూళ్ళో దొరకకపోతే, మిషను ట్రంకుపెట్టెలో చేరుతుంది. అప్పుడు 'ముసలివాళ్ళు కొత్తవాటిని వాడరు' అని అంటారు. వాడనివ్వని ఏర్పాటును దాచి తప్పును వయసు మీదికి నెట్టే మాట ఇది. మన నాటకాల్లో చెవిటి ముసలాడు తరచుగా నవ్వించడానికే వస్తాడు. అతనికి వినబడని మాట ఎవరిది, దాన్ని వినిపించే ఖర్చెంత అన్న ప్రశ్న వేస్తే ఆ హాస్యం నిలవదు.

రచయిత చూడవలసింది

ఈ వస్తువును పట్టుకునేటప్పుడు రెండు పెడదారులున్నాయి. ఒకటి, యంత్రం రాకముందు వృద్ధులు సుఖంగా వున్నారనే బెంగ. ఉమ్మడి కుటుంబంలో ముసలివాళ్ళకు దొరికిన సేవ చాలావరకు కోడలి జీతంలేని చాకిరీ. అది ఆమె ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. ఆ రోజుల్ని స్వర్గంగా చిత్రిస్తే అత్తకు జాలి చూపి కోడలికి అన్యాయం చేసినట్టు. అత్తకు చూపు, నడక, నాలుగు రూపాయలు వుంటే కోడలికీ వూపిరాడుతుంది. ఆ మేరకు విజ్ఞానం ఇద్దరి పక్షమూ వహించగలదు.

రెండో పెడదారి యంత్రారాధన. మిషను వచ్చింది గనక సమస్య తీరిందనడం. పటిక బకెట్టు నుంచి ముఖం చూసే ఫోను దాకా మనం చూసింది ఒకటే. యంత్రం వెనక ఒక మానవ ఏర్పాటు వుంటుంది. తిప్పే చెయ్యి, బాగుచేసే చెయ్యి, అది పనిచెయ్యనప్పుడు జవాబు చెప్పే నోరు. ఆ ఏర్పాటు వుండి, దాన్ని నిలదీసే వీలు ముసలిమనిషికి వుంటే యంత్రం ఆమెకు ఆసరా. లేకపోతే అదే యంత్రం ఆమె మీద కాపలా. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్ళలో ఇంగ్లండులో మరమగ్గాలు పగలగొట్టిన కార్మికుల నుంచి యంత్రానికీ, దాన్ని వాడే తీరుకూ తేడా చూడటం మనం నేర్చుకున్నాం. కర్మాగారం గురించి నేర్చుకున్నదాన్ని వసారాలోని మంచానికి అన్వయించడం మాత్రం ఇంకా మిగిలివుంది.

విద్యార్థులకూ, కొత్త రచయితలకూ ఒక సూచన. వృద్ధపాత్రను రాసేటప్పుడు ఆమె ఏడుపుకంటే ముందు ఆమె నెలను రాయండి. పింఛను ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు తిరిగింది, ఎవరి వెంట వెళ్ళింది, ఎంత చేతికందింది, ఎవరి ఫోను అడిగింది, ఏ మందు మానేసింది. ఈ వివరాల్లో కుటుంబమూ కనిపిస్తుంది, ప్రభుత్వమూ కనిపిస్తుంది, వలసా కనిపిస్తుంది. ఆమె అడుగుతుంది, బేరమాడుతుంది, నేర్చుకుంటుంది, కోప్పడుతుంది, కొన్నిసార్లు మిషనునే మోసం చేస్తుంది. జాలి మాత్రమే తెలిసిన కథలో ఈ పనులకు చోటుండదు.

అరిగిన వేలు ఒక జీవితకాలపు శ్రమకు దాఖలా. దాన్ని యంత్రం చదవలేకపోవచ్చు. సాహిత్యం చదవగలదు, చదవాలి. చదివి, ఆమె తానెవరో రుజువు చేసుకోవలసిన పని ఆమెదా, ఆమెను గుర్తించవలసిన పని సమాజానిదా అని అడగాలి.